బిళ్ళ కింద గీత

టీ గ్లాసు చేతికి రాగానే సుద్దత్త తాగదు. గ్లాసు అంచు మీద చూపుడువేలి గోరు పెట్టి నిదానంగా ఒక చుట్టు తిప్పుతుంది. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అప్పుడు పెదవి ఆనిస్తుంది. స్నానాల గదిలో మగ్గుకీ, బకెట్టుకీ, గిన్నె మీది మూతకీ కూడా ఈ మర్యాద తప్పదు. గుండ్రంగా ఉన్నది ఏదైనా సరే, అంచు తడమనిదే నమ్మదు.

"అత్తా, చందమామ చేతికందితే దాన్నీ గోకి చూస్తావేమో," అంటాడు సందుకి అవతలి పక్క టైర్ల షాపు నడిపే అతను.

"అందనీ, చూద్దాం. నెలనెలా అరిగిపోతుందిగా, ఏదో లోపం ఉండే ఉంటుంది," అంటుంది.

సందులో అందరికీ ఆమె సుద్దత్తే. అత్త వరస అయ్యే చుట్టరికం ఎవరితోనూ లేదు. మోచేతుల దాకా ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉంటుంది కనుక ఎవరో ఆ పేరు పెట్టారు, అది నిలిచిపోయింది. ఆమెను నిజంగా అత్తా అని పిలవవలసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. తమ్ముడి కూతురు. ఆ అమ్మాయి ఈ గడప తొక్కి చాలా ఏళ్ళయింది.

చదువుకునే రోజుల్లో నేను కొంతకాలం ఆమె షెడ్డు మీది గదిలో అద్దెకున్నాను. పైన గది, పక్కన ఇనప మెట్లు, కింద ఆమె పనిచోటు. కార్లకి వేసే అల్లాయ్ చక్రాలు, అందులోనూ ఒకరు వాడి అమ్మేసినవి, పగిలాయో లేదో చూసి చెప్పడం ఆమె పని. అదొక పనా అని మొదట్లో నాకూ అనిపించింది. ఆ చక్రాలు చూడబోతే అద్దంలా మెరుస్తూ ఉంటాయి. మెరిసేది బయటి ముఖం, నలుగురికీ చూపించుకునేది. రోడ్డు మీది గుంత దెబ్బ తినేది మాత్రం కారు పొట్టకేసి తిరిగి ఉండే లోపలి అంచు. పగుళ్ళు ఎక్కువగా అక్కడే పుడతాయి. చక్రం విప్పితే గాని కనబడవు. విప్పినా, పైన రంగు కొట్టి ఉంటే కనబడవు.

ఆమె పద్ధతి వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నది. చక్రాన్ని సబ్బునీళ్ళతో కడుగుతుంది. లోపలి అంచు వెంబడి రంగు గీకేస్తుంది. ఆరాక కుంచెతో కిరసనాయిలు పూసి, పక్కన పెట్టి, వేరే పని చూసుకుంటుంది. తర్వాత పాత గుడ్డతో తడి జాడ లేకుండా తుడిచి, పల్చని బట్టలో మూట కట్టిన సుద్దపొడిని చక్రమంతా తట్టుతుంది. ఇక ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తుంది. తొందరపడకూడదు. పగులు ఉంటే, దానిలోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి సుద్దను తడుపుతుంది. తెల్లదనం మీద వెంట్రుకంత నల్లగీత తేలుతుంది.

"చెమట పట్టింది," అంటుంది అప్పుడు.

చెమట పట్టని చక్రానికి గాలి కొట్టే వాల్వు పక్కన నీలిరంగుతో చిన్న చుక్క పెడుతుంది. చెమట పట్టిన చక్రాన్ని రంపంతో కోస్తుంది. అంచు నుంచి లోపలికి నాలుగు వేళ్ళ మేర గాటు దిగాలి. ఇక దాన్ని ఏ వెల్డింగూ ఏ రంగూ దాచలేవు. గుమ్మం మీద బోర్డు కూడా ఉంది: 'పగిలిందని తేలితే కోసి ఇస్తాము. ఇష్టమైతేనే దించండి.' చాలామంది అది చదివి దించకుండానే వెళ్ళిపోతారు.

ఈ కోత కూడా నాన్న పెట్టినదే. ఒకసారి ఆయన ఒక చక్రాన్ని పనికిరాదని చెప్పి తిప్పి పంపాడట. కొన్నాళ్ళకి అదే చక్రం కొత్త రంగుతో, ఇంకొకరి చేతుల మీదుగా, అమ్మకానికి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చిందట. వాల్వు దగ్గరి చిన్న నొక్కు చూసి పోల్చుకున్నాడు. "చెప్పిన మాట గాలికి పోతుంది, కోసిన గాటు పోదు," అని ఆ రోజు నుంచి రంపం పట్టాడు. కూతురికి అదే అప్పగించాడు.

షెడ్డు ఆయన కట్టిందే. పొడుగాటి రేకుల షెడ్డు. ముందు సగం పెద్దరోడ్డు వైపు, తమ్ముడిది. వెనక సగం సందు వైపు, ఆమెది. తండ్రి ఉన్నంతకాలం అంతా ఒకటే. ముందు తమ్ముడు పాత చక్రాలు కొని అమ్మేవాడు, వెనక అక్క చూసేది. తండ్రి పోయాక తమ్ముడు సొట్టలు తీసే మిషను కొన్నాడు, వెల్డింగు నేర్చిన మనిషిని పెట్టాడు. అతను ముచ్చటపడి తెచ్చిన సరుకులో చాలా భాగం ఆమె రంపం కింద పడింది.

"అక్కా, నువ్వు కోస్తున్నది చక్రాల్ని కాదు, నా గొంతుని," అన్నాడట.

"పగిలినవి తేకు. కోయను."

"వెల్డింగు చేస్తే చాల్లే. ఊరంతా చేస్తున్నారు."

"చిరిగిన చీర కుట్టి కట్టుకోవచ్చురా. దాంతో ఉయ్యాల కట్టి నీ కూతుర్ని పడుకోబెడతావా?"

కూతురి మాట ఎత్తడం అతనికి తగిలింది. ఆ తర్వాత గోడ లేచింది. తమ్ముడి వైపు గోడకి సిమెంటు పూసి, రంగు వేశారని విన్నాను. ఆమె వైపు ఇటుకల మధ్యనుంచి పొంగిన సిమెంటు గడ్డకట్టి అలాగే ఉంది. గోడ కప్పు దాకా పోదు. రేకుల కింద జానెడు ఖాళీ వదిలారు. ఆ ఖాళీలోంచి అతని మిషను రొద ఇటు వస్తుంది, ఈమె రంపం చప్పుడు అటు పోతుంది. వాళ్ళిద్దరి మధ్య మిగిలిన రాకపోకలు అవే. రొద వినబడితే తమ్ముడు పనిలో ఉన్నాడని ఆమెకు తెలుస్తుంది. వినబడని రోజు వీధి చీపురు పట్టుకుని సందు చివరిదాకా ఊడుస్తూ వెళ్ళి, పెద్దరోడ్డు మీద అతని షట్టరు తీసి ఉందో లేదో చూసి వస్తుంది. ఎవరైనా అడిగితే దుమ్ము అంటుంది.

షెడ్డులో పీట ఒకటే. గ్లాసు ఒకటే. వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడతారు. పనికిరాదనే మాట చెప్పేవాళ్ళ దగ్గర ఎవరూ ఎక్కువసేపు కూర్చోరని నాకు అక్కడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం నేను మెట్ల మీద చదువుకుంటూ ఉంటే, టైరు తీసేసిన చక్రం ఒకటి దొర్లించుకుంటూ ఒకమ్మాయి సందులోకి వచ్చింది. చొక్కా జేబుకి డ్రైవింగ్ స్కూలు బిళ్ళ తగిలించి ఉంది.

"అత్తా."

సుద్దత్త సుద్ద జల్లుతూ, తల ఎత్తకుండానే, "అక్కడ పెట్టి వెళ్ళు, సాయంత్రం చూస్తాను," అంది.

"అత్తా, నేనే."

సుద్దమూట ఒళ్ళో పడింది. ఆమె తల ఎత్తి చూసింది.

"ఇంత పొడుగెప్పుడయ్యావే?"

"నువ్వు పీట మీద నుంచి చూస్తున్నావు కదా, అలా ఉన్నాను."

సుద్దత్త లేచి పీట మేనకోడలి వైపు జరిపింది. తాను కోసేసిన చక్రం ఒకటి బోర్లించుకుని కూర్చుంది. ఫ్లాస్కులో టీ గ్లాసులోకి ఒంచి, అంచు గోరుతో తడిమి, ఆ పిల్ల చేతికిచ్చింది. తనకి ఫ్లాస్కు మూతలో పోసుకుంది.

"ఇంకా మానలేదా ఈ గోరు తిప్పడం?" అని నవ్వింది మేనకోడలు. "చిన్నప్పుడు నా తల కూడా ఇలాగే తడిమేదానివట. అమ్మ చెబుతుంది."

"గుండ్రంగా ఉండేది మరి. మీ నాన్నకి చెప్పి వచ్చావా?"

"చెబితే రానిస్తాడా? అటు నుంచి చుట్టూ తిరిగొచ్చాను." టీ ఊదుకుంటూ అసలు సంగతి చెప్పింది. ఆమె ఆడవాళ్ళకి కారు నేర్పుతుంది. కొన్నాళ్ళుగా కారు వణుకుతోంది. ఒక చక్రంలో గాలి నిలవడం లేదు, టైరు మార్చినా దిగిపోతోంది. "నాన్న రెండుసార్లు బ్యాలెన్సు చేశాడు. తగ్గలేదు."

"చక్రం విప్పి చూడలేదా?"

"చూశాడు. నీలిచుక్క ఉందిగా, ఇది అయ్యుండదులే అన్నాడు."

సుద్దత్త చక్రాన్ని తనవైపు తిప్పుకుంది. వాల్వు పక్కన చుక్క ఉంది. ఆమె పెట్టిందే.

"ఎక్కడ కొన్నావివి?"

"మీ ఎదుటి టైర్ల షాపులో. అత్త చుక్క ఉన్నవే కావాలన్నాను."

"ఇంట్లో షాపు పెట్టుకునా?"

"నేర్చుకునేవాళ్ళు ఎక్కే కారత్తా. బ్రేకనుకుని రెండోది తొక్కేవాళ్ళు, ఫుట్‌పాత్ ఎక్కించేవాళ్ళు. నాన్నతో అదే చెప్పాను. తిట్టలేదు. నాలుగూ తనే బిగించాడు. ఆ రోజంతా మాట్లాడలేదంతే."

సుద్దత్త చాలాసేపు గోడవైపు చూసింది. అవతల మిషను తిరుగుతోంది.

తర్వాత చక్రాన్ని కడిగింది. గీకింది. కిరసనాయిలు పూసింది. అది దిగేదాకా ఇద్దరూ ఏవో మాటలు చెప్పుకున్నారు. కారు నేర్చుకునే ఒకావిడ ఎదురుగా బస్సు వస్తే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకుందని మేనకోడలు చెబితే, సుద్దత్త ఫ్లాస్కు మూతలోని టీ ఒలికేలా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

"ఇక నుంచి నెలనెలా తెస్తానత్తా, ఒక్కొక్క చక్రం. నువ్వే చూద్దువుగాని. నాన్నకి మెల్లగా నేను చెబుతాలే," అంది ఆ పిల్ల.

"తేవే," అంది సుద్దత్త. గొంతు మెత్తగా ఉంది. లేచి గుడ్డ తీసుకుంది.

సుద్ద తట్టి చూస్తూ కూర్చున్నారు. గీత తేలింది. లోపలి అంచు దగ్గర చిన్న సొట్ట, ఆ సొట్ట పక్కనుంచి బయలుదేరి లోపలికి పాకింది.

"మొన్న ఒకావిడ గుంతలో దించింది. అప్పుడు పడ్డదే ఇది," అంది మేనకోడలు వెంటనే. "నువ్వు చూసినప్పుడు లేదు."

గీత వెళ్ళి, మొదటి నుంచీ ఉన్న ఒక పాత బ్యాలెన్సు బిళ్ళ కిందికి దూరింది. చక్రం వణక్కుండా లోపల జిగురుతో అతికించే సీసం ముక్కలు అవి. వాళ్ళ నాన్న కాలంలో బిళ్ళలు అంచుకి క్లిప్పులా తగిలించేవారు, ఊడదీసి చూడడం తేలిక. ఈ జిగురు బిళ్ళలు తర్వాత వచ్చాయి. వాటిని పీకితే మళ్ళీ బ్యాలెన్సు చేయించాలని వచ్చినవాళ్ళు గొణుగుతారు. నాన్న నేర్పిన పద్ధతిలో బిళ్ళ పీకడమనేది లేదు. అందుకని ఆమె ఎప్పుడూ వాటి చుట్టూ గీకి, వాటిని వదిలేసేది.

ఇప్పుడు కత్తిమొనతో బిళ్ళ లేపింది. జిగురు గోకి, అక్కడ కూడా కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద తట్టింది. గీత బిళ్ళ కింద ఇంకా పొడుగ్గా ఉంది.

రంపం తీసుకుంది.

మేనకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించి, "వద్దత్తా. నాన్న వింటాడు. ఇక్కడికే తెచ్చానని తెలిసిపోతుంది. పైగా దాని మీద ఉన్నది నీ చుక్క. నేను పట్టుకెళ్ళి తుక్కులో పడేస్తాను, ఎవరికీ తెలియదు," అంది.

"తుక్కులోంచి ఎవడో తీస్తాడు. రంగేస్తాడు. నీలిచుక్క ఉందిగా అని ఇంకెవరో కొంటారు."

"చుక్క గీకేద్దాం."

"లోపలికి వచ్చేటప్పుడు బోర్డు చూశావా?"

"నాకు కూడానా?"

"నీకే ముందు," అంది సుద్దత్త.

పిల్ల చెయ్యి తీసేసింది. రంపం కదిలింది. అల్లాయ్ మెత్తటి లోహం, కోస్తే చప్పుడు కీచుగా వస్తుంది. గోడ అవతల మిషను ఆగిపోయింది. ఎదుటి టైర్ల షాపులో రేడియో ఆగింది. గాటు దిగాక సుద్దత్త పగులు దగ్గర ఉలి పెట్టి, సుత్తితో ఒక్కటి వేసింది. ముక్క విరిగి చేతిలోకి వచ్చింది. విరిగిన చోటు వెలుతురుకి తిప్పింది. కొసన సొట్ట వైపు కొంతమేర వెండిలా మెరుస్తోంది. అది కొత్త పగులు. బిళ్ళ కింద ఉన్న భాగం నల్లగా, మురికి పట్టి ఉంది.

"ఇది పాతది," అంది. "నేను చుక్క పెట్టేనాటికే ఉంది."

మేనకోడలు ఆ ముక్క మీదికి వంగి చూసింది. ఆ కారులో రోజూ ఎంతమంది ఎక్కి దిగారో ఆమెకే తెలుసు.

అప్పుడు గోడ పైనుంచి, రేకుల కింది ఖాళీలోంచి, తమ్ముడి గొంతు వచ్చింది.

"అక్కా, ఎవరిది?"

గోడ కట్టాక అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదేనని తర్వాత తెలిసింది.

సుద్దత్త విరిగిన ముక్కను కళ్ళ ముందు నుంచి దించలేదు. "నాది," అంది.

తమ్ముడు మళ్ళీ అడిగాడు.

"ఎక్కడ పగిలింది?"

"బిళ్ళ కింద."

మిషను మళ్ళీ మొదలవలేదు. కొంతసేపటికి సన్నని చప్పుడొకటి వినబడింది, లోహం మీద కత్తితో గీకుతున్నట్టు. అది ఆగి, మళ్ళీ ఇంకోచోట మొదలైంది. తమ్ముడు తన దగ్గరున్న చక్రాలకి బిళ్ళలు పీకుతున్నాడు. అక్కాతమ్ముళ్ళు ఇలా కూడా మాట్లాడుకుంటారని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మేనకోడలు లేచింది. "మిగతా మూడూ ఎప్పుడు తెమ్మంటావు?"

సుద్దత్త ఆ పిల్ల ముఖంలోకి చూసింది. నెలనెలా, ఒక్కొక్క చక్రం. ఆ పిల్ల పీట మీద, తను బోర్లించిన చక్రం మీద. ఇంకో గ్లాసు కొనాలి. ఇదంతా ఆమె ముఖంలో కనబడింది, లేదా నాకు అలా తోచింది.

"తేవద్దు," అంది. "ఇవాళే నాలుగూ తీసెయ్యి. ఇనప చక్రాలు వేయించు."

"ఇనపవా? చూడ్డానికేం బాగుంటాయత్తా, పాత టాక్సీలా."

"బాగుండవు. దెబ్బ తగిలితే సొట్టపోతాయి. ఆ సొట్ట ఎదురుగా కనబడుతుంది. దాచుకోవడం వాటికి చేతకాదు. నేర్చుకునేవాళ్ళ కారుకి అవే మేలు."

"వాటిని కూడా నెలనెలా నువ్వు చూడాలా?"

"అక్కర్లేదు. వాటిని నువ్వే చూసుకోగలవు," అని సుద్దత్త గుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ గుడ్డను ఆమె ఏనాడూ మడతపెట్టేది కాదు.

ఆ పిల్ల గ్లాసు కడిగి, బోర్లించి, వెళ్ళింది.

కోసిన చక్రాన్ని, చుక్క బయటికి కనబడేలా, గుమ్మం పక్కన మేకుకి తగిలించింది సుద్దత్త. టైర్ల షాపు అతను సందు దాటి వచ్చి చూశాడు.

"అత్తా, ఏంటిది? సుద్దత్తకే సుద్ద పడిందా?"

"పడింది. నా చుక్క ఉన్న చక్రాలు నీ దగ్గర కొన్న వాళ్ళందరికీ కబురు పెట్టు. ఊరికే చూస్తాను, బిళ్ళలు పీకి."

"ఎందుకత్తా చెప్పుకోవడం? నువ్వే నోరు విప్పకపోతే ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది కదరా."

అతను తల గోక్కుంటూ వెళ్ళాడు. కబురైతే పెట్టాడు. కొందరు వచ్చారు. వచ్చినవాళ్ళలో ఒకాయన, "నీ చుక్క చూసి పిల్లల్ని ఎక్కించుకుని తిరిగానమ్మా," అన్నాడు. ఆమె తల వంచుకుని ఆయన చక్రం బిళ్ళలు పీకింది. అది బాగానే ఉంది. అయినా ఆయన మళ్ళీ రాలేదు. ఒక చక్రం మాత్రం బిళ్ళ కింద చెమట పట్టింది. దాన్ని కోసి, ఆ ఇంటికి తానే నడిచి వెళ్ళి చెప్పి వచ్చింది. చాలామంది అసలు రానేలేదు. పనికిరాదని చెప్పే మనిషిని జనం ఎలాగో ఓర్చుకున్నారు గాని, పొరపడ్డానని చెప్పే మనిషితో ఏం చెయ్యాలో వాళ్ళకు తెలియలేదు. ముందు వచ్చేవాళ్ళలో సగం పైగా మానేశారు.

తమ్ముడు బిళ్ళలు పీకి చూస్తున్నాడు. వెల్డింగు మాత్రం మానలేదు. గోడ మీదుగా మళ్ళీ మాట్లాడలేదు. ఆ మధ్య రెండుసార్లు అతని పనివాడు వెనక సందు నుంచి చక్రం తెచ్చి, ఎవరు పంపారో చెప్పకుండా దించి వెళ్ళాడు. రెండూ ఆమె కోసింది. ఆ తర్వాత అటు నుంచి చక్రాలు రావడం ఆగిపోయింది.

నేను ఆ గది ఖాళీ చేసి చాలాకాలమైంది. కిందటి నెల ఆ వైపు పని పడి వెళ్ళాను. సుద్దత్త పీట మీదే ఉంది. నాకోసం చక్రం బోర్లించి, టీ పోసింది. ఇప్పుడు రెండు గ్లాసులున్నాయి. రెండోదాని అడుగున కొట్టువాళ్ళు అంటించిన కాగితం చీటీ ఇంకా ఊడలేదు. మాట్లాడుతుండగా సందు చివర పెద్దరోడ్డు మీద డ్రైవింగ్ స్కూలు కారు ఒకటి నెమ్మదిగా పోయింది. స్టీరింగు దగ్గర ఎవరో పెద్దావిడ, పక్కన ఆ పిల్ల. ఇటువైపు చూసి చెయ్యి ఊపింది.

సుద్దత్త తన గ్లాసు అంచు గోరుతో ఒక చుట్టు తడిమి, తాగింది.

ఆ కారుకి ఇప్పుడు నాలుగూ ఇనప చక్రాలే. వాటికి సుద్ద అక్కర్లేదు.